వజీరు ముందు దవాతు: మధ్యయుగ ఇస్లామిక్ లోహకళలో కలం పెట్టెలు

(ఒక పఠన మందిరంలో జరిగిన ప్రసంగం ఇది. ఆ రోజు రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగ్ విని టైపు చేశాం.)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్లకి వినబడుతోందా? సరే.

ఒక తగువుతో మొదలుపెడతాను. 1092 ప్రాంతం. ఇరాన్, ఇరాక్‌లని ఏలిన సెల్జూక్ తుర్కుల సుల్తాను మలిక్ షాకీ, ఆయన వజీరు నిజాముల్ ముల్కుకీ చెడింది. నిజాముల్ ముల్కు అంటే మామూలు మంత్రి కాదు. ముందు మలిక్ షా తండ్రి ఆల్ప్ అర్స్‌లాన్ దగ్గర, తర్వాత మలిక్ షా దగ్గర, దాదాపు 30 ఏళ్లు రాజ్యాన్ని నడిపినవాడు. ఆయన కొడుకులూ అల్లుళ్లూ ఎక్కడ చూసినా పదవుల్లోనే ఉన్నారు. సుల్తానుకి ఒళ్లు మండింది. కబురు పంపాడు. ఏమని పంపాడు? ఖైదు చేయిస్తాననా? తల తీయిస్తాననా? కాదు. నీ ముందున్న దవాతు తీయించేస్తాను అని.

దవాతు అంటే సిరా, కలాలు ఉండే సామాను. దాన్ని తీసేస్తే చాలు, వజీరు వజీరు కాకుండా పోతాడు. ముసలి మంత్రి దానికి జవాబు ఏమని పంపాడో ఆ కాలపు చరిత్రలు చెప్పాయి. ఆ కిరీటమూ ఈ దవాతూ ముడిపడి ఉన్నాయి, ఈ దవాతు మూతపడితే ఆ కిరీటమూ నిలవదు అని దాని సారాంశం. ఆ అక్టోబరులోనే నిజాముల్ ముల్కుని ఒక హంతకుడు పొడిచి చంపాడు. నెల మీద కొద్ది రోజులకి మలిక్ షా కూడా పోయాడు. వారసులు రాజ్యం కోసం కొట్టుకున్నారు.

ఇవాళ నేను మాట్లాడబోయేది ఈ దవాతు గురించే. ఇత్తడితో పోత పోసి, వెండి పొదిగి, రాగి పొదిగి, అంగుళం ఖాళీ వదలకుండా పనిచేసిన కలం పెట్టెలు, సిరాబుడ్లు. మ్యూజియంలో వీటిని చూసినప్పుడు చాలామంది "ఎంత అందంగా ఉందో" అనుకుని ముందుకు వెళ్లిపోతారు. అందంగా ఉన్న మాట నిజమే. కానీ నేను చెప్పదలుచుకున్నది ఏమిటంటే, ఆ పనితనమంతా కంటికి ఇంపు కోసం మాత్రమే చేసింది కాదు. ఆ పెట్టె పదవికి గుర్తు. సైనికుడికి కత్తి ఎలాగో దివాన్‌లో, అంటే రాజుగారి కచేరీలో, పనిచేసేవాడికి ఇది అలాగ. ఈ మాట మనసులో పెట్టుకుని చూస్తే, పెట్టె మీద చెక్కిన ప్రతిదానికీ ఒక కారణం కనబడుతుంది.

ముందు అసలు ఇందులో ఏముండేవో చూద్దాం. తెర మీద చూడండి. పొడుగ్గా, సన్నగా ఉన్న పెట్టె. కొన్నింటికి కొసలు గుండ్రంగా ఉంటాయి, కొన్ని నలుచదరపు మూలలతో ఉంటాయి. మూతకి వెనక బందులు, ముందు చిన్న గడియ. తెరిస్తే, ఒక వైపు సిరా గిన్నెకి గుంట. ఇంకా చిన్న చిన్న అరలు. మిగతా పొడవంతా కలాలు పెట్టుకునే చోటు.

కలం అంటే రెల్లు కలం. ఇప్పుడు ఇక్కడ ముందు వరుసలో ఒక అమ్మాయి అడుగుతోంది, కలం లోహంతో చెయ్యలేదా అని. మంచి ప్రశ్న అమ్మా. మన తాటాకుల మీద రాసే గంటం లోహంతోనే ఉంటుంది, ఎందుకంటే అది ఆకుని గీరుతుంది. మసి తర్వాత పూస్తాం. అక్కడ పద్ధతి అది కాదు. కాగితం మీద సిరా పారాలి. గీత ఒకచోట లావుగా, ఒకచోట సన్నగా రావాలి. దానికి రెల్లే కావాలి. ఆ రెల్లు అరిగిపోతుంది, మళ్లీ చెక్కాలి, మళ్లీ అరుగుతుంది. చివరికి పారేస్తారు. అంటే రాసే పనిముట్టు నిలిచేది కాదు. నిలిచేది దాన్ని దాచే పెట్టె. బంగారం, వెండి, కళ, పేరు, బిరుదు, అన్నీ ఆ పెట్టె మీదే పెట్టారు.

ఆ రెల్లు పాళీని చెక్కడానికి ఒక చిన్న చాకు. చెక్కాక, కొసని ఒక్క వేటుతో తెగ్గొట్టాలి. దానికి కింద ఎముకతోనో దంతంతోనో చేసిన చిన్న పలక పెట్టుకుంటారు. దాన్ని మిఖత్త అంటారు. ఈ ఒక్క వేటు చాలా ముఖ్యం. ఎందుకంత ముఖ్యం? అరబిక్ అక్షరాల కొలతలన్నీ ఆ పాళీ వెడల్పు మీదే ఆధారపడతాయి కాబట్టి. పాళీని కాగితం మీద ఆనించి నొక్కితే పడే నలుపలకల చుక్క ఉంటుంది చూశారూ, అదే కొలబద్ద. ఒక అలిఫ్ ఇన్ని చుక్కల ఎత్తు, ఒక బే ఇన్ని చుక్కల పొడవు, అలా. ఆ లెక్క కట్టినవాడిగా పేరున్నది ఇబ్న్ ముఖ్లా. ఆయన వట్టి లేఖకుడా? కాదు, బాగ్దాద్‌లో ముగ్గురు ఖలీఫాల దగ్గర వజీరు. 936లో శత్రువులు ఆయన కుడి చెయ్యి నరికించారు. మోచేతికి కలం కట్టుకుని రాసేవాడని చెబుతారు. 940లో జైల్లోనే పోయాడు. రాసే చెయ్యిని ఎందుకు నరికారో వేరే చెప్పక్కర్లేదు.

ఇక సిరా. సిరాబుడ్డిలో సిరా ఊరికే పోసి ఉంచరు. పట్టు పోగులో, ఉన్నో ఉండ చుట్టి అందులో వేస్తారు. దాని పేరు లీఖా. సిరా దానికి పట్టి ఉంటుంది. ఆఫీసుల్లో రబ్బరు స్టాంపు ప్యాడ్ చూశారు కదా, దాదాపు అలాంటి పనే. కలం ముంచితే ఎంత కావాలో అంతే ఎక్కుతుంది. ప్రయాణంలో బుడ్డి ఒరిగినా ఒలికిపోదు. ఇది చిన్న సంగతిలా ఉంటుంది గానీ, గుర్రం మీద సుల్తాను వెంట పోయే లేఖకుడికి ఇది లేకపోతే పని జరగదు.

ఇంకేమున్నాయి? తడి ఆరడానికి చల్లే ఇసుక డబ్బా. కాగితాలు అతికించడానికి గంజి గిన్నె. సిరా కలిపే పుల్ల. కాగితానికి మెరుగు పెట్టే రాయి. పాళీ తుడిచే గుడ్డ. చాకుకి సాన. కైరోలో, ఈజిప్టుని ఏలిన మమ్లూక్ సుల్తానుల కచేరీలో పనిచేసిన అల్ కల్‌కషందీ, ఈయన 1418లో పోయాడు, లేఖకుల కోసం ఒక మహా గ్రంథం రాశాడు. ఇప్పుడు అచ్చులో 14 సంపుటాలు. అందులో ఈ సామానంతా ఒక్కొక్కటీ వివరిస్తాడు. ఆయన చెప్పిన ఇంకో విషయం నాకు చాలా విలువైనదిగా అనిపిస్తుంది. తన కాలంలో దివాన్ లేఖకులు ఎక్కువగా ఇత్తడి దవాతులు వాడుతున్నారట. ఉక్కువి అరుదు, ఖరీదు, అందుకని వజీరు స్థాయివాళ్ల దగ్గరే ఉంటాయట. కొయ్య దవాతులు వదిలేశారట, ఒక్క ఖాదీలు, అంటే న్యాయమూర్తులు, వాళ్ల గుమాస్తాలు తప్ప. వాళ్లు నల్లచేవ, ఎర్రచందనం వాడతారట. చూశారా? పెట్టె ఏ పదార్థంతో చేశారో చూస్తే మనిషి హోదా తెలిసిపోతుంది.

మతం సంగతి ఒక్క మాటలో చెబుతాను, అది మీకు చాలామందికి తెలిసే ఉంటుంది. ఖురాన్‌లో 68వ సూరా పేరే అల్ కలమ్, అది కలం మీద ఒట్టుతో మొదలవుతుంది. 96వ సూరాలో దేవుడు కలంతో నేర్పాడని ఉంది. దేవుడు మొట్టమొదట సృష్టించింది కలాన్నే అని హదీసు, అంటే ప్రవక్త మాటగా చెప్పుకునేది. కాబట్టి కలం పట్టినవాడికి ఆ సమాజంలో ఎలాంటి గౌరవం ఉండేదో ఊహించండి. అయితే ఈ పెట్టెల మీద వేటగాళ్లు, వాద్యగాళ్లు, రాశులు, గ్రహాలు కూడా ఉంటాయి. మనుషుల బొమ్మలు ఉండకూడదు కదా అని మీరు అడుగుతారు. మసీదులో, ఖురాన్ ప్రతిలో బొమ్మలు వెయ్యరు. ఇవి ఇంట్లో, కచేరీలో వాడే వస్తువులు. ఇక్కడ ఆ పట్టింపు అంతగా లేదు.

ఇప్పుడు అసలు వస్తువు దగ్గరికి వద్దాం. వాషింగ్టన్‌లో ఫ్రీర్ గ్యాలరీ అని ఉంది. అందులో ఒక కలం పెట్టె. పొడవు అడుగుకి కాస్త పైన, 31 సెంటీమీటర్ల చిల్లర. వెడల్పు 6 సెంటీమీటర్ల చిల్లర. ఎత్తు 5. అంటే అరచేతిలో పట్టుకోగలిగిన వస్తువు. ఇత్తడి. వెండి, రాగి పొదిగారు, మధ్యలో నల్లటి పూత. చేసినవాడు సంతకం పెట్టాడు, షాజీ అని. తేదీ వేశాడు, హిజ్రీ 607. అంటే 1210-11. బహుశా ఇప్పటి అఫ్గానిస్తాన్‌లోని హెరాత్‌లో చేశారంటారు. ఎవరి కోసం చేశాడో కూడా ఉంది. మజ్దుల్ ముల్క్ అల్ ముజఫ్ఫర్. ఈయన మంగోలులకి ముందు మధ్య ఆసియాని ఏలిన ఖ్వారజ్మ్ షాల రాజ్యంలో వజీరు. మెర్వ్ నగరంలో ఉండేవాడు. మెర్వ్ ఇప్పటి తుర్క్‌మెనిస్తాన్‌లో ఉంది.

ఒక్కసారి ఆలోచించండి. వస్తువు ఉంది, చేసినవాడి పేరు ఉంది, చేయించుకున్నవాడి పేరు ఉంది, సంవత్సరం ఉంది. ఆ కాలపు కళాఖండాల్లో ఇన్నీ ఒకేచోట దొరకడం అరుదు. మన గుళ్లలో ఎన్ని వేల శిల్పాలకి శిల్పి పేరు తెలుసు మనకి?

ఆ మెర్వ్ గురించి మనకి ఇంకో సాక్షి ఉన్నాడు. యాఖూత్ అల్ హమవీ అనే భూగోళ పండితుడు. ఆయన మెర్వ్‌లో కొన్నేళ్లు ఉన్నాడు. ఎందుకున్నాడు? పుస్తకాల కోసం. ఆ ఊళ్లో పది గ్రంథాలయాలు ఉన్నాయని రాశాడు. ఒకదాంట్లోనే 12 వేల సంపుటాలు. తన బసలో ఎప్పుడు చూసినా 200 పుస్తకాలు ఉండేవట, చాలావాటికి పూచీ కూడా అడక్కుండా ఇచ్చారట. ఆ పది గ్రంథాలయాల పట్టీలో ఒకటి మజ్దుల్ ముల్క్ అనే వజీరు పెట్టినది. తాతారులు, అంటే మంగోలులు, వచ్చిపడకపోతే చచ్చేదాకా ఆ ఊరు వదిలేవాణ్ని కాదు అని యాఖూత్ బాధపడతాడు. 1221లో చెంగిజ్ ఖాన్ కొడుకు తులూయ్ మెర్వ్‌ని నేలమట్టం చేశాడు. గ్రంథాలయాలు పోయాయి. మజ్దుల్ ముల్క్ కూడా ఆ ఏడాదే చనిపోయాడు. ఈ పెట్టె మాత్రం మనదాకా వచ్చింది. ఈ పెట్టెలోంచి తీసిన కలంతో రాసిన కాగితం ఒక్కటీ మన చేతిలో లేదు. నేను ఈ పెట్టె గురించి ఎప్పుడు మాట్లాడినా ఇక్కడికి వచ్చేసరికి గొంతు పట్టేస్తుంది, ఏమీ అనుకోకండి.

ఇప్పుడు పని ఎలా చేశారో చూద్దాం. ఈ బొమ్మని బాగా పెద్దది చేసి చూపిస్తాను. లైట్లు కాస్త తగ్గించండి బాబూ. ఆ, చాలు.

ఇక్కడ చూడండి. వెండి ఊడిపోయిన చోట. మ్యూజియంలో మంచి స్థితిలో ఉన్న వస్తువు కంటే, ఇలా వెండి ఊడిన వస్తువు దగ్గర ఎక్కువ సేపు నిలబడండి అని నేను మా పిల్లలకి చెబుతాను. ఎందుకంటే పని గుట్టు అక్కడే బయటపడుతుంది. ముందు ఇత్తడి మీద బొమ్మ గీశాడు. గీత వెంబడి ఉలితో గాడి కొట్టాడు. ఆ గాడి నిట్టనిలువుగా లేదు, లోపలికి ఏటవాలుగా కోసుకుపోయి ఉంది. అంచు వెంబడి చిన్న చిన్న గాట్లు వరసగా కనిపిస్తున్నాయా? అవి కావాలని పెట్టిన పట్టు. పల్చటి వెండి రేకుని సరిగ్గా ఆ ఆకారానికి కత్తిరించి, కాల్చి మెత్తబరిచి, అందులో కూర్చోబెట్టి, సుత్తితో మెల్లగా తడతాడు. వెండి సాగి ఆ ఏటవాలు లోపలికి దూరుతుంది. పైన ఇత్తడి అంచుని దాని మీదికి నొక్కుతాడు. అంతే. జిగురు లేదు, అతుకు లేదు, టంకం లేదు. ఒక లోహం ఇంకో లోహాన్ని పట్టుకుని ఉంది, 800 ఏళ్లుగా.

సన్నటి గీతలకైతే రేకు కాదు, తీగ. ఎర్రగా కనబడాల్సిన చోట రాగి. అంతా పొదిగాక, వెండి మీద మళ్లీ సన్నటి ఉలితో కన్ను, జుట్టు, బట్ట మడత గీస్తాడు. వెనకభాగాన్ని కాస్త లోతు చేసి నల్లటి పదార్థం నింపుతాడు. అప్పుడు పసుపు ఇత్తడి, తెల్లటి వెండి, ఎర్రటి రాగి, నలుపు, నాలుగు రంగులు వచ్చాయి. రంగు పెట్టె లేకుండా నాలుగు రంగులు!

అంత డబ్బున్నవాళ్లు మొత్తం వెండితోనే చేయించుకోవచ్చు కదా అంటారా? చేయించుకున్నవాళ్లూ ఉన్నారు. కానీ వెండి, బంగారు పాత్రలు వాడకూడదని హదీసుల మాట ఒకటి ఉంది. రెండోది, వెండి వస్తువుకి ఆయుష్షు తక్కువ. డబ్బు అవసరమైన రోజున కొలిమిలోకి పోతుంది, నాణెమై బయటికొస్తుంది. ఇత్తడి పెట్టె మీద పొదిగిన వెండిని గీకి తీస్తే వచ్చేదెంత? కొందరు అదీ వదల్లేదు, గీకి తీశారు. కొన్ని వస్తువుల మీద తరతరాలు తోమి తోమి వెండి అరిగిపోయింది. అయినా పెట్టె బతికింది.

ఈ పొదుగు పని ఖురాసాన్‌లో, అంటే ఇప్పటి తూర్పు ఇరాన్, అఫ్గానిస్తాన్ ప్రాంతంలో, 12వ శతాబ్దం మధ్యలో వెల్లువలా వచ్చింది. అక్కడి తేదీ ఉన్న తొలి వస్తువుల్లో ఒకటి ఏమిటో తెలుసా? ఒక కలం పెట్టె! 1148 నాటిది, రష్యాలో హెర్మిటేజ్ మ్యూజియంలో ఉంది. అదే మ్యూజియంలో 1163లో హెరాత్‌లో చేసిన ఒక బాల్చీ ఉంది, బొబ్రిన్‌స్కీ బాల్చీ అంటారు. అది కలం పెట్టె కాదు, అయినా ఇక్కడ చెప్పాలి. దాని మీద ఇద్దరు సంతకం పెట్టారు. పోత పోసినవాడు మహమ్మద్ ఇబ్న్ అబ్దుల్ వాహిద్. నగిషీ చేసినవాడు మసూద్ ఇబ్న్ అహ్మద్. అంటే అప్పటికే పని రెండుగా విడిపోయింది, ఇద్దరికీ పేరు పెట్టుకునేంత గౌరవం ఉంది. దాని మీద రాతని గమనించండి. అక్షరం నిలువు గీత పైకి వెళ్లి మనిషి తలగా మారుతుంది! అక్షరాలు ఒకరినొకరు చూసుకుంటున్నట్టు ఉంటాయి. ఖురాసాన్ పనివాళ్లకి ఇది చాలా ఇష్టమైన పద్ధతి. చదవడం కష్టం. చదవడానికి కాకుండా చూడ్డానికి రాసిన రాత అనిపిస్తుంది. నాకైతే లిపిని అంత సంబరంగా చూసుకున్న చోటు ఇంకోటి కనబడలేదు.

ఆ రాతల్లో ఏముంటుంది? పెద్దవాళ్ల పెట్టెల మీద పేరు, బిరుదులు. కానీ చాలా వస్తువుల మీద పేరు ఉండదు. కీర్తి, సౌభాగ్యం, అధికారం, క్షేమం, దీర్ఘాయువు, ఇవన్నీ దీని యజమానికి కలుగుగాక అని ఉంటుంది. యజమాని ఎవరు? ఎవరు కొంటే వాళ్లు. అంటే అంగడిలో అమ్మడానికి ముందే చేసి పెట్టిన వస్తువులన్న మాట. వర్తకుడు కొంటాడు, చిన్న ఉద్యోగి కొంటాడు. వజీరు దగ్గర ఉన్నలాంటిది తన దగ్గరా ఉండాలని ఎవరికి ఉండదు?

సిరాబుడ్ల గురించి కొంచెం. ఖురాసాన్ సిరాబుడ్డి స్తంభం ముక్కలా గుండ్రంగా ఉంటుంది, పైన గుమ్మటం లాంటి మూత. చుట్టూ మూడు చిన్న కడియాలు, మూతకి కూడా మూడు. తాడు వీటిలోంచి పోతుంది. తాడు లాగితే మూత బిగుస్తుంది, వదిలితే లేస్తుంది, పట్టుకుని నడిచిపోవచ్చు. న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఒకటి ఉంది, 13వ శతాబ్దం మొదట్లోది. దాని ఒంటి మీద పన్నెండు రాశులూ చెక్కి ఉన్నాయి.

రాశులు ఎందుకు? అక్కడికే వస్తున్నాను, ముందు ఈ పని ఎటు పోయిందో చెప్పాలి. 1221-22లో హెరాత్ కూడా మంగోలుల చేతిలో నాశనమైంది. ఈ విద్య పడమటికి పోయింది. ఇరాక్‌లో మోసుల్ ఈ పనికి పెద్ద పేరు తెచ్చుకుంది. 1262లో మోసుల్ కూడా పడిపోయింది. పనివాళ్లు డమాస్కస్, కైరోల్లో తేలారు. ఊరు మారినా చాలామంది తమ పేరు చివర అల్ మౌసిలీ అని చెక్కుతూనే ఉన్నారు.

బ్రిటిష్ మ్యూజియంలో 1281 నాటి కలం పెట్టె ఒకటి ఉంది. మహమూద్ ఇబ్న్ సున్కుర్ సంతకం. వెండి, బంగారం పొదిగారు. పొడవు 20 సెంటీమీటర్లు కూడా లేదు. మూత మీద మూడు వలయాలు, ఒక్కో వలయంలో నాలుగు రాశులు. నాలుగు మూళ్లు పన్నెండు. రాశుల్ని వాటి అధిపతులైన గ్రహాలతో కలిపి వేశాడు. ఇక్కడ మనవాళ్లు చాలామంది పంచాంగం చూసేవాళ్లే కాబట్టి అడుగుతాను. మిథునానికి అధిపతి ఎవరు? ... బుధుడు. కన్యకి? ... ఆ, బుధుడే. వాళ్ల లెక్కలోనూ అంతే. ఈ రాశులూ అధిపతుల లెక్క గ్రీకుల నుంచి ఇటు మనకీ అటు వాళ్లకీ వచ్చిందే. వాళ్లు బుధుణ్ని ఉతారిద్ అంటారు. ఆ కాలపు లోహపు పనిలో శుక్రుడు వీణలాంటి వాద్యం వాయిస్తుంటాడు, కుజుడు ఒక చేత కత్తి, ఒక చేత తెగిన తల పట్టుకుని ఉంటాడు. మరి బుధుడు? బుధుడు లేఖకుడు. కూర్చుని రాస్తుంటాడు. పారసీ కవులు ఆయన్ని ఆకాశంలో దబీరు అన్నారు, అంటే ఆకాశ కచేరీలో గుమాస్తా.

ఇప్పుడు ఆ పెట్టె తెరిచి కలం తీసే మనిషిని ఊహించుకోండి. రోజూ పొద్దున్నే తన వృత్తికి అధిదేవత లాంటి గ్రహాన్ని చేత్తో తాకి పని మొదలుపెడుతున్నాడు. రాశిచక్రం అంతా ఆ మూత మీద ఉంది. భూమ్మీద రాజు హుకుం రాసే సామాను మీద ఆకాశపు హుకుం చెక్కి ఉంది. ఇది ఊరికే వేసిన పూలతీగ కాదని అందుకే అంటున్నాను.

కైరోకి వస్తే ఈ సంగతి ఇంకా తేటగా కనబడుతుంది. మమ్లూక్ సుల్తానుల దగ్గర దవాదార్ అనే ఉద్యోగం ఉండేది. దవాతు మోసేవాడు అని అర్థం. సుల్తాను సంతకం కోసం కాగితాలు తెచ్చేది, దవాతు అందించేది ఆయనే. మొదట్లో చిన్న కొలువు. కాలం గడిచేకొద్దీ రాజ్యంలో అతి పెద్ద పదవుల్లో ఒకటైంది. ఎందుకైందో మీకు నేను చెప్పాలా? సంతకానికి ఏ కాగితం ముందు పోవాలో, ఏది ఆగాలో ఆయన చేతిలో ఉంది. 1516లో కడపటి మమ్లూక్ సుల్తానైన తూమాన్ బే అంతకు ముందు దవాదారే.

మమ్లూక్ అమీర్లకి చిహ్నాలు ఉండేవి. కొలువులో ఏ పని చేస్తే ఆ పని గుర్తు. పానీయం అందించేవాడికి కప్పు, ఆయుధాలు చూసేవాడికి కత్తి, పోలో కర్రలు మోసేవాడికి పోలో కర్రలు. దవాదారుకి కలం పెట్టె. ఆ గుర్తుని గాజు దీపాల మీద, పళ్లేల మీద, తాము కట్టించిన కట్టడాల గోడల మీద వేయించుకున్నారు. వీళ్లు ఎవరు? గుర్రమెక్కి కత్తి తిప్పడానికి పెంచిన సైనికులు. వాళ్లు కూడా గర్వంగా కలం పెట్టె బొమ్మ వేసుకున్నారు!

మమ్లూక్ పెట్టెలు చూడ్డానికే వేరుగా ఉంటాయి. మనుషుల బొమ్మలు తగ్గాయి, అక్షరాలు పెరిగాయి. సులుస్ అనే లిపి పద్ధతిలో పెద్ద పెద్ద అక్షరాలు, నిలువు గీతలన్నీ ఈటెల్లా నిలబడి ఉంటాయి. మధ్యలో తామరపూలు. తామర మంగోలుల కాలంలో చైనా నుంచి వచ్చిన అలంకారం. కైరో ఇస్లామిక్ కళల మ్యూజియంలో సుల్తాన్ అల్ మన్సూర్ మహమ్మద్ పేరిట ఒక పెట్టె ఉంది. ఈయన 1361 నుంచి 1363 దాకా, రెండేళ్లే సుల్తాను. పెట్టె మీద బిరుదులు చూస్తే లోకాన్ని గెలిచినట్టు ఉంటుంది.

మన దక్కనుకి రాకుండా ముగిస్తే మీరు ఊరుకోరు. ఇరాన్‌లోని గిలాన్ నుంచి వ్యాపారిగా వచ్చి బహమనీ రాజ్యానికి ప్రధానమంత్రి అయినవాడు మహమూద్ గవాన్. బీదరులో 1472లో మదర్సా కట్టించాడు. దాని మిగిలిన భాగం ఇప్పటికీ నిలబడి ఉంది, వెళ్లినవాళ్లు చూసే ఉంటారు. ఆయన పెద్ద లేఖకుడు. ఆయన రాసిన ఉత్తరాల సంపుటం ఉంది, ఉత్తరాలు ఎలా రాయాలో చెప్పే పుస్తకమూ ఉంది. అలాంటివాడు ఎలా పోయాడు? ఒక కాగితం వల్ల. గిట్టనివాళ్లు ఆయన ముద్ర కాపలా ఉండే బానిసకి లంచమిచ్చి ఖాళీ కాగితం మీద ముద్ర వేయించారు. దాని మీద ఒరిస్సా గజపతిని దండెత్తి రమ్మన్నట్టు రాశారు. సుల్తాన్ మూడో మహమ్మద్ షా అది నమ్మి 1481లో గవాన్‌ని చంపించాడు. ఎక్కడ? మన కొండపల్లిలో. బెజవాడ పక్కనున్న కొండపల్లే. కలం, ముద్ర ఎవరి చేతిలో ఉన్నాయన్నది ప్రాణం మీదికి వచ్చే విషయం అనడానికి అంతకంటే రుజువు అక్కర్లేదు. తర్వాత ఏడాదికే సుల్తానూ పోయాడు. ఆ వెనకే బహమనీ రాజ్యం ముక్కలైంది.

ఆ బీదరు పేరు మీదే బిద్రీ పని. హైదరాబాదు సంస్థానంలో భాగంగా ఉన్న ఊరు కాబట్టి ఇక్కడ ఇళ్లలో కూడా బిద్రీ వస్తువులు ఉంటాయి. బిద్రీలో కలమ్‌దాన్‌లూ, అంటే కలం పెట్టెలూ, చేశారు. పాత బిద్రీ వస్తువులు మనకి ఎక్కువగా 17వ శతాబ్దం నుంచీ కనబడతాయి. హెరాత్ నుంచి బీదరుకి సూటిగా గీత గీసేసి ఇదిగో వంశవృక్షం అని నేను చెప్పను. కానీ లోహంలో గాడి కొట్టి వెండిని సుత్తితో కూర్చోబెట్టే పద్ధతి ఒకటే. తేడా నలుపులో ఉంది. ఖురాసాన్‌లో నలుపు బయట నుంచి నింపింది. బిద్రీలో లోహమే నల్లబడుతుంది. ఎక్కువ జింకు, కొద్దిగా రాగి కలిపి పోత పోస్తారు. వెండి పొదిగాక, బీదరు కోటలోని మట్టి, నవాసాగరం కలిపిన నీళ్లు పట్టిస్తారు. జింకు నల్లబడుతుంది, వెండి తెల్లగానే ఉంటుంది.

ఇక్కడ ఒకాయన అడుగుతున్నారు, ఇవి చూడాలంటే వాషింగ్టన్ వెళ్లాలా అని. షాజీ పెట్టె కోసమైతే అవును. కానీ పొదుగు పని ఎలా ఉంటుందో చూడాలంటే సాలార్‌జంగ్ మ్యూజియానికి వెళ్లండి, బిద్రీ సేకరణ ఉంది. ఎదురుగా నిలబడి చూడకండి. ఒక పక్కకి వంగి, వెలుగు ఏటవాలుగా పడేటట్టు చూడండి. సన్నటి గీతలు తీగతో చేసినవి, వాటిని తార్‌కషీ అంటారు. వెడల్పాటి ఆకులు, పూలరేకులు రేకుతో చేసినవి, అది తెహ్‌నిషాన్. ఈ రెండూ విడిగా గుర్తుపట్టడం వచ్చాక, ఎక్కడైనా వెండి ఊడిన చోటు ఉందేమో వెతకండి. ఉంటే అక్కడ గాడి అంచు చూడండి, నిలువుగా ఉందా, లోపలికి కోసి ఉందా అని. పిల్లల్ని కూడా తీసుకెళ్లండి, వాళ్ల కళ్లకి మనకంటే ముందే దొరుకుతుంది. ఇంకా ఎవరికైనా అడగాలని ఉంటే అడగండి, నేను ఇక్కడే ఉంటాను.